దీపావళి నుంచి పోలి పాడ్యమి దాకా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆశ్వయుజ బహుళం మొదలైందంటే మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. కావలిలో ఉన్న మేనకోడలు, బెంగుళూరులో కాపురం పెట్టిన పిల్లలు, ఒంగోలు వియ్యపురాలు, అందరూ ఏటా దాదాపు అవే సందేహాలు అడుగుతారు. మా పెద్దలు చేయగా చూసినవి, పురోహితులను అడిగి తెలుసుకున్నవి కలిపి ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## పండుగకు ముందు

క్యాలెండరులో ఒక తేదీ, పంచాంగంలో ఇంకొక తేదీ ఉంటే దీపావళి ఏ రోజు చేసుకోవాలి?

దీపావళి ఆశ్వయుజ బహుళ అమావాస్య నాటి పండుగ. చాలా పండుగలకు సూర్యోదయానికి ఉన్న తిథిని చూస్తాము గాని, దీపావళికి మాత్రం ప్రదోష వేళకు, అంటే సూర్యాస్తమయం తరువాతి సమయానికి అమావాస్య ఉన్నదా లేదా అన్నదే లెక్క. 2025లో అమావాస్య అక్టోబరు 20వ తేదీ మధ్యాహ్నం మూడున్నర దాటాక మొదలై, మరునాడు పొద్దుగూకే వేళకు ముగిసింది. అందుకే 21వ తేదీ సూర్యోదయానికి అమావాస్యే ఉన్నా పండుగను 20వ తేదీ సాయంత్రమే చేసుకున్నాము. నరక చతుర్దశికి తెల్లవారుజామున చతుర్దశి ఉండాలి కనుక, ఆ ఏడాది తలంటు, దీపాలు రెండూ ఒకే రోజున వచ్చాయి. ఇలా రావడం అరుదేమీ కాదు. తేదీలు కలవనప్పుడు మీ ఊరి గుడిలో ఏ పంచాంగాన్ని అనుసరిస్తారో అడిగి, దానినే పాటించండి.

మా పుట్టింట్లో చేసేది మా అత్తగారింట్లో చేయరు. ఏది అసలైన పద్ధతి?

రెండూ అసలైనవే. మన ప్రాంతంలో ఈ తేడా ఎక్కువగా కనిపించడానికి కారణం ఉన్నది. ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. ఈమధ్య జిల్లాల హద్దులు మారినా, ఆ పాత జిల్లాలోని మూడు మూలల్లో మూడు సీమల ఆచారాలు ఉన్నాయన్నమాట. ఇక పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొస, సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు, తమిళ దేశపు అలవాట్లు ఇళ్ళలో సహజంగా కలిసిపోయాయి. ఒంగోలు పిల్ల సూళ్ళూరుపేట కోడలైతే పండుగ కొత్తగా కనిపించడంలో వింత లేదు. పుట్టింటి పద్ధతిని తప్పుపట్టుకోకుండా, మెట్టినింటి పద్ధతిని అత్తగారి దగ్గర కూర్చుని ఓపికగా నేర్చుకుంటే మీ పిల్లలకు రెండూ తెలుస్తాయి.

ధన త్రయోదశికి బంగారం కొనాల్సిందేనా?

అక్కర్లేదు. బంగారం కొనడం మన ఇళ్ళలో ఈమధ్య పెరిగిన అలవాటు. శాస్త్రంలో ఆ రాత్రికి చెప్పినది యమదీపం: అపమృత్యు భయం తొలగాలని కోరుతూ సంధ్య వేళ గుమ్మం బయట దక్షిణ దిక్కుగా ఒక దీపం పెడతారు. చిటికెడు నూనెతో అయ్యే ఆ పనిని వదిలిపెట్టి అప్పు చేసి నగ కొనడం నాకు సమ్మతం కాదు.

కొత్త మట్టి ప్రమిదలు నూనె అంతా తాగేస్తున్నాయి. ఏం చేయాలి?

కాల్చిన మట్టికి కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఉంటాయి. పొడి ప్రమిదలో నూనె పోస్తే, వత్తికి అందకముందే ప్రమిద పీల్చుకుంటుంది. ముందురోజు రాత్రి ప్రమిదలన్నిటినీ ఒక బక్కెట్టు నీళ్ళలో ముంచి ఉంచండి. వేయగానే అవి సన్నగా సుయ్యిమంటూ బుడగలు వదులుతాయి. ఆ బుడగలు ఆగిపోతే మట్టి కడుపునిండా నీళ్ళు తాగిందని అర్థం. మా నాయనమ్మ ఆ చప్పుడు వినడానికి పిల్లలందరినీ బక్కెట్టు చుట్టూ కూర్చోబెట్టేది. ఉదయం తీసి, బోర్లించి, నీడలో ఆరబెట్టి, తడి పైపైన పోయాక పసుపు, కుంకుమ బొట్లు పెట్టుకోవచ్చు. లోపల నీటి చుక్క నిలిచి ఉంటే దీపం చిటపటలాడి కొండెక్కుతుంది కనుక నూనె పోసే ముందు పొడి గుడ్డతో తుడవాలి. పెయింటు వేసిన ప్రమిదలు చూడటానికి బాగుంటాయి గాని, వత్తి ఆనే అంచున ఆ రంగు మాడి వాసన వస్తుంది. కుమ్మరి చేసిన మామూలు ఎర్రమట్టి ప్రమిదకు సాటి లేదు.

ఏ నూనె పోయాలి? ఎన్ని వత్తులు వేయాలి?

పూజ దగ్గర ఆవునెయ్యి గాని నువ్వుల నూనె గాని శ్రేష్ఠమని చెబుతారు. వాకిట్లో, పిట్టగోడ మీద పెట్టే వరుస దీపాలకు నువ్వుల నూనె, ఆముదం, ఇప్పనూనె ఏదైనా సరిపోతుంది. ఆముదం చిక్కగా ఉండి నెమ్మదిగా కాలుతుంది గనుక చాలాసేపు వెలుగుతుంది. ఒంటి వత్తి వేయరాదని మన పెద్దల మాట, అందుకని రెండు వత్తులను కలిపి ఒకటిగా మెలిపెట్టి వేస్తారు. ప్రమిదను అంచు దాకా నింపకుండా ముప్పాతిక వంతు నింపి, వత్తి కొసను నూనెలో తడిపి, గోరంత మాత్రమే బయటికి ఉంచితే పొగ రాకుండా నిలకడగా వెలుగుతుంది.

ఇంట్లో ఎవరైనా పోయి ఏడాది నిండలేదు. పండుగ చేసుకోవచ్చా?

సాధారణంగా ఆ ఏడాది కొత్త బట్టలు, పిండివంటలు, బాణసంచా మానుకుంటారు, నోములు పట్టరు. మైల రోజులు గడిచాక నిత్య దీపారాధన మాత్రం మానరు. పండుగ లేని ఇంటికి ఇరుగుపొరుగు వారు, బంధువులు పిండివంటలు తెచ్చి ఇచ్చే మంచి ఆచారం మన పల్లెల్లో ఇంకా ఉన్నది. మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే తప్పక పంపండి.

## నరక చతుర్దశి తెల్లవారుజామున

సూర్యోదయానికి ముందే తలంటు పోసుకోవాలని ఎందుకు అంటారు?

ఆ వేళకు నూనెలో లక్ష్మి, నీళ్ళలో గంగ ఉంటారని విశ్వాసం. ఇంట్లో పెద్దవారు పిల్లలను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, మాడున నువ్వుల నూనె అంటి హారతి ఇస్తారు. నూనె ఒంటికి పట్టేదాకా ఆగి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడురసంతో తల రుద్ది, వేడినీళ్ళు పోస్తారు. స్నానం మధ్యలో ఉత్తరేణి కొమ్మను తల చుట్టూ మూడుసార్లు తిప్పి పక్కన పడవేస్తారు. ఉత్తరేణిని సంస్కృతంలో అపామార్గం అంటారు. పాపాన్ని తుడిచివేసే మొక్క అని పెద్దలు దానికి అర్థం చెబుతారు. పట్నంలో ఉత్తరేణి దొరకదని చాలామంది బెంగపడతారు గాని, వానాకాలం వెళ్ళేసరికి ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన అది మోకాలెత్తు పెరిగి ఉంటుంది. పొడుగాటి వెన్నుకు కిందికి వంగిన ముళ్ళగింజలు ఉండి, నడిచేవారి చీర అంచులకు అంటుకునే మొక్క అదే. స్నానం తరువాత కొన్ని కుటుంబాలలో మగవారు యముని పద్నాలుగు నామాలతో తర్పణం విడుస్తారు.

చలికాలం మొదలై చర్మం పగలడం ఆరంభమయ్యే రోజులివి. ఒంటికి నూనె పట్టించే ఆచారం సరిగ్గా ఇప్పుడే రావడం పెద్దల ముందుచూపు అని నా నమ్మకం.

నరకాసురుణ్ణి చంపింది కృష్ణుడా, సత్యభామా?

ఇంటింటా చెప్పుకునే కథలో సత్యభామే చంపుతుంది. నరకుడు భూదేవి కొడుకు, తల్లి చేతిలో తప్ప చావులేని వరం పొందినవాడు, సత్యభామ భూదేవి అంశ కనుక ఆమె బాణానికి పడిపోయాడు అని చెబుతారు. పోతన భాగవతం దశమస్కంధంలో మాత్రం సత్యభామ కొంగు బిగించి, విల్లు అందుకుని, రాక్షస సేనను చెల్లాచెదురు చేస్తుంది. చివర నరకుని తల నరికేది కృష్ణుని చక్రం. ప్రాగ్జ్యోతిషపురంలో నరకుడు బంధించిన పదహారు వేల మంది రాజకన్యలకు ఆనాడు విముక్తి కలిగింది. పిల్లలకు ఏ కథ చెప్పినా, సత్యభామ యుద్ధం చేసిందన్న భాగాన్ని వదలకుండా చెప్పండి. అమ్మాయిలు ఆ మాట వినగానే నిటారుగా కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

## అమావాస్య సాయంత్రం

లక్ష్మీపూజ ఏ వేళ చేయాలి? పురోహితుడు లేకుండా చేసుకోవచ్చా?

దీపాలు పెట్టే వేళే పూజా వేళ. వాకిలి కడిగి ముగ్గువేసి, గడపకు పసుపు కుంకుమలు పెట్టి, మామిడి తోరణం కట్టాక, పీట మీద బియ్యం పోసి కలశం గాని, అమ్మవారి పటం గాని ఉంచి, ముందు పసుపు గణపతిని పూజించి, లక్ష్మీ అష్టోత్తరంతో కుంకుమ లేదా పూలతో అర్చించి, పాయసం గాని పాలు, పటికబెల్లం గాని నివేదన చేస్తే పూజ పూర్తయినట్లే. పురోహితుడు తప్పనిసరి కాదు. అంగళ్ళు ఉన్నవారు అంగడిలో కూడా త్రాసు, పెట్టె, లెక్కల పుస్తకాలకు బొట్టుపెట్టి పూజ చేస్తారు. పూజ దగ్గర వెలిగించిన దీపంతోనే మిగతా ప్రమిదలు వెలిగించి, మొదటి రెండు గడపకు అటూ ఇటూ, ఒకటి తులసికోట దగ్గర, ఒకటి బావి లేదా కుళాయి దగ్గర పెట్టడం మా ఇంటి పద్ధతి.

దివిటీలు కొట్టడం అంటే ఏమిటి? మా పిల్లలకు ఎలా నేర్పాలి?

పొద్దు వాలగానే, టపాకాయలు మొదలుకాకముందే, పిల్లల చేత చేయించే వేడుక ఇది. గోగు కాడల కొసలకు పాత నూలుగుడ్డ పేలికలు చుట్టి, నూనెలో ముంచి వెలిగిస్తారు. పిల్లలు వాటిని వీధి గుమ్మం ముందు గుండ్రంగా తిప్పుతూ, ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి’ అని పాడుతూ నేలకు కొడతారు. తరువాత కాడలను ఒక పక్కన పడవేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇంట్లోకి రాగానే తీపి తింటారు. మహాలయ పక్షంలో మన ఇళ్ళకు వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్ళేటప్పుడు వారికి దారి చూపే వెలుగు ఇదని పెద్దలు చెబుతారు. అన్ని ఇళ్ళలోనూ ఈ ఆచారం లేదు, ఉన్న ఇళ్ళలో కూడా సన్నగిల్లుతున్నది. గోగు కాడ దొరకకపోతే చెరకుగడ ముక్క గాని, పచ్చి కర్ర గాని తీసుకోండి. నూనె కారి చేతుల మీద పడకుండా, ముంచిన పేలికను గట్టిగా పిండి వెలిగించాలి. నైలాను, పాలిస్టరు గుడ్డలు కరిగి అంటుకుంటాయి కనుక వాటిని అసలు వాడరాదు.

కేదారగౌరీ నోము మా ఇంట్లో లేదు. కొత్తగా పట్టవచ్చా?

ఈ నోము ఇంటి ఆనవాయితీగా అత్తనుంచి కోడలికి వస్తుంది. పార్వతీదేవి శివుని శరీరంలో సగభాగం పొందడానికి చేసిన వ్రతమని కథ. ఇరవై ఒక్క పోగుల తోరం, ఇరవై ఒక్క ముడులు, ఇరవై ఒక్క చొప్పున అరిసెలు లేదా బూరెలు, తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు దీని ప్రత్యేకత. ఆనవాయితీ లేనివారు నోమున్న ఇంటివారితో కలిసి, వారు ఇచ్చే తోరంతో పట్టడం వాడుక. ఒకసారి పడితే ఏటా చేయాలి కనుక, ఉత్సాహంతో కాక ఆలోచించి పట్టండి.

సరిగ్గా దీపాల వేళకే వాన పడుతున్నది. ఏం చేయాలి?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న రాని ఏడాది తక్కువ. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే, అక్టోబరు డిసెంబరు నెలల మధ్య పడుతుంది. దీపావళి, కార్తీకం రెండూ ఆ నెలల్లోనే వస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మూడురోజులు ముసురే. వాన పడితే పండుగ చెడిపోయిందనుకోవద్దు. దీపాలను పిట్టగోడ మీది నుంచి వరండాలోకి, అరుగు మీదికి, కిటికీ లోపలి దిమ్మెలకు మార్చండి. జల్లు కొట్టే వైపు ఇటుకలు నిలబెట్టి వాటి చాటున ప్రమిదలు ఉంచండి. గాలి ఎక్కువగా ఉంటే లోతైన ప్రమిదలో ఆముదం పోసి, లావు వత్తి వేస్తే త్వరగా ఆరదు. ఒక ఏడాది వీధంతా కరెంటు పోయి, మోకాలి లోతు నీళ్ళు నిలిచిన సాయంత్రం, మా అమ్మ అరుగు మీద ఐదే ఐదు ప్రమిదలు పెట్టింది. ఎదురింటివారు ఐదు పెట్టారు. కింద నిలిచిన నీళ్ళలో ఆ పది పదీ మళ్ళీ కనిపించి వీధికి రెండింతల వెలుగు వచ్చింది. నాకు గుర్తున్న దీపావళులన్నిటిలో అదే అందమైనది.

బల్బుల తోరణాలు వాడేవారు మాత్రం తడిసిన తీగను ముట్టుకోకండి. ముందు స్విచ్చి ఆపండి.

పండుగకు ఏమి వండాలి?

మీ ఇంట్లో ఏది ఆనవాయితీ అయితే అదే. బూరెలు, పులిహోర, బొబ్బట్లు, గారెలు సామాన్యం. బొబ్బట్లనే మార్కాపురం వైపు భక్ష్యాలంటారు. పిల్లలకు పంచడానికి మురుకులు, రవ్వలడ్లు రెండు రోజుల ముందే చేసి పెట్టుకుంటే పండుగనాడు పొయ్యి దగ్గరే ఉండిపోకుండా దీపాలు చూసుకోవచ్చు.

## బాణసంచా

టపాకాయలు కాల్చకపోతే పండుగ కానట్లేనా?

కానే కాదు. పండుగ పేరులోనే దీపాల వరుస ఉన్నది. తుపాకిమందు మన దేశానికి రాకముందు నుంచీ ఈ దీపాలు వెలుగుతున్నాయి. చిన్నపిల్లలకు కాకరపువ్వొత్తులు, మతాబులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు సరిపోతాయి. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు, పశువులు ఉన్న ఇళ్ళ పక్కన పెద్ద బాంబులు మానుకోవడం కనీస మర్యాద.

గ్రీన్ క్రాకర్స్ అంటే ఏమిటి? ఎప్పటి దాకా కాల్చవచ్చు?

2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దీపావళినాడు రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య మాత్రమే, తక్కువ పొగ వచ్చే బాణసంచాను మాత్రమే కాల్చాలని చెప్పింది. బేరియం లవణాలు వాడినవాటిని, బారుగా పేలే సరాలను, ఆన్‌లైన్ అమ్మకాలను నిషేధించింది. గ్రీన్ క్రాకర్స్ నాగపూరులోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన సూత్రాలతో తయారవుతాయి. మామూలు వాటికన్నా కనీసం 30 శాతం తక్కువ ధూళికణాలు వెలువరించాలన్నది నియమం. పొగ అసలే రాదని కాదు. కొనేటప్పుడు పెట్టె మీద గ్రీన్ క్రాకర్స్ గుర్తు, క్యూఆర్ కోడ్ ఉన్నాయేమో చూడండి. ఆసుపత్రులు, బడులు, గుళ్ళకు వంద మీటర్లలోపు ఎప్పుడూ కాల్చరాదు.

చెయ్యి కాలితే మొదట ఏం చేయాలి?

వెంటనే కుళాయి కింద, మామూలు చల్లని నీటి ధార కింద, ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏదీ పూయవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేసి, శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. బొబ్బలు చిదమకూడదు. కంట్లో నిప్పురవ్వ పడితే నలపకుండా, నొక్కకుండా వెంటనే కంటి వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. అంబులెన్సుకు 108, అగ్నిమాపక కేంద్రానికి 101.

కొన్నేళ్ళ కిందట ఒక తాత్కాలిక దుకాణంలో కొన్న చిచ్చుబుడ్డి ఒకటి మా అబ్బాయి వెలిగించీ వెలిగించకముందే పగిలిపోయింది. కంగారులో మేమే చేతినిండా టూత్‌పేస్టు పూశాము. ఆసుపత్రిలో ఎండిన ఆ పేస్టును కడిగి తీసేటప్పుడు పిల్లవాడు పడిన బాధ, కాలినప్పటి బాధకన్నా ఎక్కువ. అప్పటినుంచి మా వాకిట్లో ఒక బక్కెట్టు నీళ్ళు, ఒక బక్కెట్టు ఇసుక లేకుండా అగ్గిపుల్ల గీయము. కాలిపోయిన కాకరపువ్వొత్తి తీగ చాలాసేపు వేడిగా ఉండి వట్టికాళ్ళను కాలుస్తుంది కనుక అది వెంటనే ఆ నీళ్ళలో పడాలి.

## అమావాస్య తరువాత, కార్తీకంలో

భగినీహస్త భోజనానికి అన్న రావాలా, చెల్లెలే వెళ్ళాలా?

కార్తీక శుద్ధ విదియనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళి వారి చేతి వంట తినాలి. యముడు చెల్లెలు యమునమ్మ ఇంటికి వెళ్ళి భోజనం చేసిన రోజని కథ. వెళ్ళేటప్పుడు చీరో, పసుపు కుంకుమల కింద కొంత డబ్బో తీసుకువెళ్తారు. దూరాన ఉన్నవారు ఆ రోజు ఒక ఫోను అయినా చేయండి, ఆడపడుచు ఎదురుచూస్తూ ఉంటుంది.

కార్తీక పౌర్ణమికి 365 వత్తులు ఎందుకు?

ఏడాదిలో రోజుకొక దీపం చొప్పున, దీపం పెట్టలేకపోయిన రోజుల లోటు తీరడానికి. వత్తుల కట్టను ముందురోజే నేతిలో నానబెట్టి, శివాలయంలో గాని తులసికోట దగ్గర గాని వెలిగిస్తారు. కట్ట పెద్ద మంటగా లేస్తుంది కనుక ప్రమిదలో కాక వెడల్పాటి మూకుడులో పెట్టి, చీర కొంగు నడుముకు దోపుకుని వెలిగించండి.

జ్వాలాతోరణం కింద నుంచి ఎందుకు వెళ్తారు?

పౌర్ణమి రాత్రి శివాలయం ముందు రెండు నిలువు కర్రలు నాటి, అడ్డకర్రకు ఎండుగడ్డి చుట్టి వెలిగిస్తారు. స్వామివారి పల్లకి మూడుసార్లు ఆ మంట కింద నుంచి సాగుతుంది. భక్తులు వెనుకే నడుస్తారు. మిగిలిన గడ్డిని తెచ్చి ధాన్యపు గాదెలో, పశువుల కొట్టంలో పెట్టుకుంటారు. శివుడు త్రిపురాసురులను దహించిన రోజు కనుక దీనిని త్రిపుర పౌర్ణమి అని కూడా అంటారు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పే త్రిపురాంతకం పాత ప్రకాశం జిల్లాలోనిదే, ఆ క్షేత్రం పేరులోనే ఈ కథ ఉన్నది. జొన్నవాడ, నెల్లూరు మూలాపేట శివాలయం, కొండల నడుమ గుహాలయాలున్న భైరవకోన ఈ నెలలో జనంతో కిటకిటలాడుతాయి.

పెన్నలో దీపాలు వదలడం క్షేమమేనా?

నీటి ఉద్ధృతిని బట్టి. 2021లో కార్తీక పౌర్ణమి నవంబరు 19న వచ్చింది. ఆ తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెయ్యేరు పెన్నలో కలిసేదే. ఆ వరదకు మన దగ్గర పడుగుపాడు వద్ద రైలుమార్గం, కోవూరు వైపు జాతీయ రహదారి దెబ్బతిన్నాయి. అందుకని పెన్న మీది సోమశిల జలాశయం నుంచి నీళ్ళు వదులుతున్నారన్న వార్త ఉంటే ఆ ఏడాది నదికి వెళ్ళకండి. ఇంటి తొట్టిలో వదిలిన దీపానికీ పుణ్యం ఉన్నది. మైపాడు, కొత్తపట్నం తీరాలలో సముద్రస్నానానికి వెళ్ళేవారు కూడా మోకాలి లోతు దాటవద్దు. నదిలో వదిలే దీపానికి అరటిదొప్పే వాడండి, థర్మోకోలు, ప్లాస్టిక్కు వద్దు.

పోలి పాడ్యమినాడు ముప్పై వత్తులు ఎందుకు? అపార్ట్‌మెంటులో ఎలా చేసుకోవాలి?

కార్తీకం ముగిసిన మరునాడు, మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున, నెలంతా దీపం పెట్టలేనివారు రోజుకొక వత్తి లెక్కన ముప్పై వత్తులు వెలిగించి అరటిదొప్పలో నీటిలో వదులుతారు. పోలి అనే చిన్నకోడలిని అత్త ఇంట్లో పెట్టి తాళం వేసి, మిగతా కోడళ్ళతో నదికి వెళ్ళేది. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరి వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టుకుని, బొందితో స్వర్గానికి వెళ్ళిందని కథ. అపార్ట్‌మెంటులో అయితే ఒక వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలోనో టబ్బులోనో నీళ్ళు పోసి, పసుపు కుంకుమలు, పూలు వేయండి. అరటిబోదె పొరను జానెడు ముక్కగా కోసి, రెండు కొసలు పుల్లలతో గుచ్చితే దొప్ప అవుతుంది. వత్తులను నేతిలో తడిపి అందులో పెట్టి వెలిగించి, నీటిని చేత్తో మెల్లగా మూడుసార్లు ముందుకు తోయండి, దొప్ప కదిలి వెళ్తుంది. తెల్లవారాక ఆ నీళ్ళను చెట్టు మొదట్లో పోసి, దొప్పను ఆవుకు పెట్టవచ్చు, గుచ్చిన పుల్లలు తీసివేయడం మాత్రం మరవకండి.